కాశిమేడు నుంచి బెసెంట్‌నగర్ దాకా, ఇసుక వెంట

చెన్నైలో సముద్రం అనగానే అందరూ మెరీనాలో దిగుతారు. ముఖ్యమంత్రుల సమాధుల ముందు ఫొటో, ఒక పొట్లం బఠాణీ సుండల్, కాళ్లు తడుపుకోవడం, తిరుగు బస్సు. అందులో తప్పేం లేదు గానీ, ఈ ఊరి తీరం ఎలా తయారైందో తెలియాలంటే నడక ఉత్తరాన కాశిమేడు చేపల రేవులో మొదలుపెట్టి దక్షిణానికి రావాలి. ఓడరేవుకు ఉత్తరాన సముద్రం ఒడ్డును కోసుకుపోయింది. దక్షిణాన అదే సముద్రం ఇసుక తెచ్చి పోసింది. రెండూ ఒకే ఓడరేవు గోడ పుణ్యం. ముందు మెరీనా చూసి తర్వాత పైకి వెళితే ఈ సంగతి బుర్రకెక్కదు.

రోజులు ఎంచుకోవడంలోనూ కిటుకుంది. సెయింట్ జార్జి కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు. లైట్‌హౌస్‌కు సోమవారం సెలవు. జార్జిటౌన్ కొట్లు ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి. కాశిమేడులో ఆదివారం తెల్లవారుజామున కాలు పెట్టడానికి చోటుండదు, చేపల ధరలూ ఆకాశంలో ఉంటాయి. గురువారం మొదలుపెట్టి ఆదివారంతో ముగిస్తే ఈ చిక్కులేవీ తగలవు. నెల విషయానికొస్తే జనవరి, ఫిబ్రవరి. ఒక్క ముక్కనుమ నాడు మాత్రం తీరం జోలికి పోకూడదు. ఇక్కడ ఆ రోజు కాణుం పొంగల్. ఊరు ఊరంతా చెరుకుగడలూ అన్నం మూటలూ పట్టుకుని మెరీనాకే వస్తుంది.

గురువారం: కాశిమేడు, రాయపురం

చేపల రేవుకు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా చేరాలి. ఏడు దాటితే మిగిలేవి ఖాళీ బుట్టలూ కాకులూ. కాళ్లకు కడిగితే పోయే రబ్బరు చెప్పులు వేసుకోవాలి. నేలంతా ఐసు నీళ్లూ చేప నెత్తురూ కలిసిన జిగట. బట్ట బూట్లతో వెళ్లినవాళ్ల బూట్లు ఆ వాసనతోనే ఊరికి తిరిగొస్తాయి.

లోపల రెండు రకాల వ్యాపారం నడుస్తుంది. మరపడవల పక్కన జరిగేది వేలం. బుట్ట లెక్కన, గుట్ట లెక్కన పాట పాడతారు. అది కొట్ల వాళ్లకూ హోటళ్ల వాళ్లకూ. అక్కడ ఎవరినో పిలుస్తూ చెయ్యెత్తారంటే నలభై కిలోల సంకరా (ఎర్రటి సముద్రపు చేప) మీ నెత్తిన పడే ప్రమాదముంది. చిల్లర బేరం కాస్త ఎడంగా, వరసగా కూర్చున్న ఆడవాళ్ల దగ్గర. తమిళం రాకపోయినా పని జరుగుతుంది గానీ నాలుగు పేర్లు తెలిస్తే మేలు: మన చందువా ఇక్కడ వవ్వాల్, పండుగొప్ప కొడువా, నెత్తళ్లు నెత్తిలి, పీత నండు. వంజరం రెండు భాషల్లోనూ వంజరమే, ధర కూడా రెండుచోట్లా గుండె గుభేల్‌మనిపించేదే. మొప్ప ఎత్తి చూసి ఎర్రగా ఉంటేనే అడగాలి. గోధుమ రంగుకు తిరిగిందంటే నిన్నటిది. కోసి శుభ్రం చేసేవాళ్లు వేరు, వాళ్ల కూలీ వేరు. ఆ మాట బేరానికి ముందే తేల్చుకోవాలి.

తెలుగు చెవిన పడగానే "నెల్లూరా?" అని అడగడం ఇక్కడి మర్యాద. శ్రీకాకుళం అన్నా, గుంటూరు అన్నా వాళ్ల లెక్కలో అది నెల్లూరు అవతలే. "అక్కా" అని పిలిస్తే పలుకుతారు, అడగకుండా ముఖం మీద కెమెరా పెడితే కసురుతారు. ఆరబెట్టిన వలను దాటకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చేవాళ్లకు చిన్న ఫైబర్ పడవల సరుకే కనిపిస్తుంది.

తెల్లారాక రేవు బయటికొచ్చి ఉత్తరానికి చూస్తే ఒడ్డు పొడుగునా నల్లరాళ్ల గుట్టలే. ఇసుక తిన్నె అన్నది దాదాపు లేదు. దీని లెక్క ఇది. కోరమండల్ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఆగ్నేయం నుంచి ఏటవాలుగా కొడతాయి, ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి. ఈశాన్య రుతుపవనం ఉన్న ఆ కొద్ది నెలలే ఎదురు దిశ. మొత్తం మీద లాభం ఉత్తరానిది. 1870లలో మద్రాసు ఓడరేవుకు సముద్రంలోకి గోడలు కట్టడం మొదలెట్టాక ఈ ప్రయాణం అడ్డుపడింది. గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంది. ఉత్తరానికి వెళ్లాల్సింది ఆగిపోయింది, అలలు మాత్రం ఆగలేదు. పాత ఇసుకను తీసుకెళ్లడమే, కొత్తది వచ్చి పడేది లేదు. రాయపురం నుంచి తిరువొత్తియూరు వైపు వీధులకు వీధులే సముద్రంలో కలిశాయి. ఇప్పుడు కనిపించే రాళ్లు ఆ నష్టాన్ని ఆపడానికి పోసినవి.

ఇక్కడి నుంచి దక్షిణానికి సముద్రం పక్కనే నడవొచ్చని పటం చూసి అనుకుంటారు. కుదరదు. ఓడరేవు ప్రహరీ అడ్డం. కంటైనర్ లారీల రోడ్డు పట్టుకుంటే కాలిబాట లేక, దుమ్ము తిని, చివరికి కాపలావాడి చేత వెనక్కి పంపించుకోవడమే. సూర్యనారాయణ చెట్టి వీధి మీదుగా లోపలికి తిరిగి రాయపురం చేరడం సరైన దారి. అరగంట నడక. దారిలో ఏ కొట్లోనైనా ఫిల్టర్ కాఫీ 20 రూపాయలకు దొరుకుతుంది.

రాయపురం స్టేషన్ 1856 నాటిది. ఆ ఏడాది జూన్ 28న ఇక్కణ్ణుంచి వాలాజా రోడ్డుకు తొలి రైలు కదిలింది. బొంబాయి, హౌరా తర్వాత దేశంలో మూడో దారి, దక్షిణాదిన మొదటిది. ఆ మొదటి రెండు చోట్లా తొలినాటి కట్టడాలు లేవు, ఇది ఉంది. స్తంభాల వరండా, ఎర్రరంగు గోడలు. పట్టాలు ఇక్కడికి తేవడానికి కారణం అప్పటి వ్యాపారుల పట్టణం, సరుకు దిగే ఒడ్డు రెండూ దగ్గరలో ఉండటం. 1873లో సెంట్రల్ వచ్చాక దీని వైభవం తగ్గింది. పెద్దగా చూడటానికి ఏమీ ఉండదు, పావుగంట చాలు.

ఓడరేవు లేని రోజుల్లో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసేవి. మనుషులూ మూటలూ మసూలా పడవల్లో వచ్చేవారు. పలకలకు మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. మేకు కొట్టిన పడవను ఇక్కడి అలలు రెండు దెబ్బల్లో విరిచేస్తాయి. కుట్టిన పడవ వంగి, సాగి, మళ్లీ నిలబడుతుంది. పడిపోయినవాళ్లను ఏరుకోవడానికి పక్కన కట్టుమరాలు వెంట వచ్చేవి. రాయపురంలో సెయింట్ పీటర్ చర్చి ఆ పడవలవాళ్లు కట్టుకున్నదే.

శుక్రవారం: జార్జిటౌన్, పారీస్ కార్నర్

ఈ రోజు తెలుగువాళ్లది. కారణం వీధుల పేర్లలో ఉంది. ఎర్రబాలు చెట్టి వీధి, సుంకురామ చెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, లింగి చెట్టి వీధి. పడమటి సగం పెద్దనాయకన్‌పేట, తూర్పు సగం ముత్యాలపేట. ఈస్టిండియా కంపెనీ సరుకుకు బయానాలు తీసుకున్నవాళ్లూ, నేతగాళ్లను తెచ్చి కూర్చోబెట్టినవాళ్లూ, దుబాసీలూ చాలామంది తెలుగువాళ్లే. 1639 ఆగస్టులో ఈ ఇసుక తిన్నెను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చెన్నపట్నం అనేది ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద పెట్టింది. బేరంలో ఆంగ్లేయుల తరఫున మాట్లాడినవాడు బేరి తిమ్మన్న.

ఆ తిమ్మన్న కట్టించిన గుడి ఇప్పుడు హైకోర్టు ఉన్నచోట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్లు ఊరిని పట్టుకున్నారు. 1749లో ఒప్పందం ప్రకారం తిరిగిచ్చాక, కోట ముందు ఇళ్లుంటే శత్రువుకు చాటు దొరుకుతుందని కంపెనీవాళ్లు పాత నల్లపట్నాన్ని, అంటే కోట బయట మనవాళ్లుండే పేటను, దశలవారీగా కూలగొట్టారు. గుడి కూడా పోయింది. బదులుగా ఇచ్చిన స్థలంలో 1760లలో కట్టిందే దేవరాజ మొదలి వీధిలోని జంట గుళ్లు: చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుడు. ఒకే ప్రాంగణంలో పక్కపక్కన. చుట్టూ పూసల కొట్లూ కాగితం కొట్లూ. సందు మొగలో తోపుడుబళ్లు అడ్డం ఉంటాయి కాబట్టి గోపురం కనిపించదు. "పట్టణం కోవిల్" అని అడిగితేనే దారి చెబుతారు. పన్నెండులోపు వెళ్లాలి, తర్వాత సాయంత్రం దాకా తలుపులు మూసి ఉంటాయి.

ఇక్కడ నడిచే పద్ధతి వేరు. కాలిబాట అనేది సరుకు పెట్టుకునే చోటు. మనిషి నడిచేది రోడ్డు మధ్య. వెనక నుంచి "సైడ్, సైడ్" అని వినపడితే తిరిగి చూడకుండా పక్కకు జరగాలి, మూటల బండి ఆగదు. పదకొండు నుంచి నాలుగు దాకా రద్దీ మరీ ఎక్కువ. చూడదలచినవన్నీ పదిన్నరలోపే చూసేయడం మంచిది. ఒక వీధిలో ఒకే రకం సరుకు ఉండటం వల్ల దారి తప్పినా తెలుస్తుంది: పెళ్లిపత్రికలు అయిపోయి ఇనుప సామాను మొదలైందంటే ఒక వీధి దాటేశారని లెక్క.

కొత్వాల్ చావడి 1996 దాకా ఊరి కూరగాయల బజారు. అది కోయంబేడుకు పోయింది. దాన్ని నడిపిన శ్రీ కన్యకాపరమేశ్వరి దేవస్థానం మాత్రం ఇక్కడే ఉంది. ఆర్యవైశ్యుల గుడి, తెలుగు మాట ధారాళంగా వినపడే చోటు.

ఆర్మేనియన్ వీధిలో ఆర్మేనియన్ చర్చి 1772 నాటిది. సమాధి రాళ్ల మధ్య ఫ్రాంజిపాని చెట్లు, విడిగా నిలబడ్డ గంటల గోపురం, అందులో ఆరు గంటలు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" 1794లో వెలువడింది ఈ మద్రాసులోనే. దాన్ని నడిపిన హరుత్యూన్ ష్మావోన్యన్ సమాధి ఈ ఆవరణలో ఉంది. మధ్యాహ్నం దాటితే గేటు వేసేస్తారు. టికెట్ లేదు. దగ్గర్లోనే తంబు చెట్టి వీధిలో కాళికాంబాళ్ కోవిల. 1677లో శివాజీ ఇక్కడ మొక్కుకున్నాడని గుడివాళ్లు బోర్డు మీద రాసిపెట్టారు.

ప్రకాశం సాలై అంటే పాత బ్రాడ్‌వే. ఆ ప్రకాశం మన టంగుటూరి ప్రకాశమే. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా హర్తాళ్ జరుగుతున్నప్పుడు, కాల్పుల్లో చనిపోయిన మనిషిని చూడటానికి వెళ్తుంటే తుపాకీ అడ్డం పెట్టారు. ఆయన రొమ్ము చూపించి కాల్చమన్నది ఈ పారీస్ కార్నర్ పరిసరాల్లోనే. ఆంధ్రకేసరి కథ చిన్నప్పటి పాఠంలో అందరూ చదివిందే. ఆ చోటు ఇప్పుడు బస్సుల హారన్ల మధ్య ఉంది, ఒక్క నిమిషం నిలబడనివ్వదు.

పారీస్ కార్నర్ పేరు థామస్ పారీది. 1788లో ఇక్కడ వ్యాపారం మొదలెట్టాడు. ఆ మూల డేర్ హౌస్ భవనం 1940 నాటిది. దాని దగ్గర ఒక పొట్టి రాతి స్తంభం ఉంది, చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. కొత్త నల్లపట్నం ఇక్కడి నుంచి మొదలు, ఇటువైపు ఇల్లు కట్టకూడదు అని చెప్పడానికి 1773లో నాటిన ఆరు స్తంభాల్లో మిగిలిందదొక్కటే. కోటకూ ఊరికీ నడుమ ఫిరంగి గుండుకు ఖాళీ వదిలారన్నమాట.

ఎదురుగా హైకోర్టు, 1892. లోపలికి వెళ్లాలంటే పని ఉండాలి, తనిఖీలుంటాయి. బయటి నుంచి చూసినా చాలు. తలెత్తితే పెద్ద గుమ్మటం మీద 1894 నుంచి 1977 దాకా ఊరి దీపస్తంభం వెలిగింది. అంతకుముందు 1844 నాటిది ఆవరణలోనే విడిగా ఒక గుండ్రటి రాతి కంబంలా ఉంది. దానికీ ముందు 1796లో మొదటి దీపం కోటలోని ఎక్స్ఛేంజ్ భవనం పైన పెట్టారు, ఇప్పటి మ్యూజియం అదే. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఓడరేవు చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ఒకటి వచ్చి హైకోర్టు ప్రహరీకి తగిలింది. తూర్పు గోడకు ఫలకం ఉంది.

సాయంత్రం ఐదు దాటాక బీచ్ స్టేషన్ ఎదుటి సెకండ్ లైన్ బీచ్ వీధికి రావాలి. అత్తో బళ్లు అప్పుడే తెరుస్తారు. 1960లలో బర్మా నుంచి తరిమేస్తే తిరిగొచ్చినవాళ్ల తిండి ఇది, పక్కనున్న బర్మా బజారూ వాళ్లదే. కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించిన గోదావరి జిల్లాల వాళ్ల ఇళ్లలో ఈ రుచి ఒకప్పుడు తెలిసిందే. ఉడికించిన నారింజరంగు నూడుల్స్‌లో పచ్చి క్యాబేజీ, ఉల్లి, చింతపండు రసం, వెల్లుల్లి కాచిన నూనె, వేయించిన ఉల్లి, ఎండుమిరప పలుకులు వేసి, కరకరలాడే బేజో అప్పాన్ని నలిపి చేత్తోనే కలుపుతారు. కారం ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్ల లెక్క ప్రకారం పడుతుంది, అది గుంటూరు నోటికి కూడా తక్కువేం కాదు. పక్కన గిన్నెలో అరటి ఊచ పులుసు, అడిగితే మళ్లీ పోస్తారు, దానికి డబ్బు లేదు. ప్లేటు వంద రూపాయల లోపు. చీల్చి చింతపండు, వేయించిన వెల్లుల్లి కూరిన గుడ్డు విడిగా. నిలబడి తినాలి, తిన్న ప్లేటు తీసుకెళ్లి తొట్టెలో వేయాలి. కలిపి ఎక్కువసేపు ఉంచితే నూడుల్స్ మెత్తబడతాయి కాబట్టి కబుర్లు తిన్న తర్వాత.

నెయ్యి కావాలనుకునేవాళ్లు ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డులోని సీనాభాయ్ టిఫిన్ సెంటర్‌కు పోతారు. ఇడ్లీ, ఊతప్పం, అంతే. పొడి, నెయ్యి రెండూ చేతికి అంటేలా వేస్తారు. పొద్దుగూకాకే పెనం వేడెక్కుతుంది.

శనివారం: కోట, నేపియర్ వంతెన, మెరీనా

శనివారం కోటకు వెళ్లడంలో లాభం ఏమిటంటే సచివాలయానికి సెలవు. మంత్రుల కార్లుండవు, కాపలా కాస్త సడలి ఉంటుంది. గుర్తింపు కార్డు మాత్రం జేబులో ఉండాలి. ఫోర్ట్ స్టేషన్‌లో దిగినవాళ్లు పడమటి గేటు దగ్గర తచ్చాడతారు. సందర్శకుల దారి తూర్పున, రాజాజీ సాలై వైపు.

కోట 1640లలో, ఏప్రిల్‌లో వచ్చే సెయింట్ జార్జి పండుగకు తయారైంది, పేరు అందుకే. తూర్పు గోడకున్న ద్వారం పేరు సీ గేట్. దాని ముందు నిలబడి చూస్తే రోడ్డు, దాని అవతల ఓడరేవు వైపు గోడలు, గిడ్డంగులు. ఓడరేవు కట్టకముందు అలలు ఈ గోడ మొదట్లోకి వచ్చేవి. మసూలా పడవ దిగిన సరుకు నేరుగా ఈ గుమ్మంలోంచి లోపలికి పోయేది. ఇప్పుడు ఆ పేరు ఒక్కటే మిగిలింది.

మ్యూజియం టికెట్ 25 రూపాయలు. కత్తులూ పింగాణీ పళ్లేలూ త్వరగా దాటేయొచ్చు. పగోడాలనే పాత బంగారు నాణేల దగ్గర ఆగండి. పై అంతస్తులో 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున కోట మీద ఎగరేసిన జెండా అద్దాల పెట్టెలో ఉంది, మసక వెలుతురులో. ఫ్లాష్ వెలిగిస్తే ఉద్యోగులు ఊరుకోరు, వాళ్లు చేసేది న్యాయమే.

సెయింట్ మేరీస్ చర్చిలో ఆరాధన 1680లో మొదలైంది. ఇది, ఆసియాలో మిగిలున్న ఆంగ్లికన్ చర్చిల్లో పాతది. పైకప్పు గుండ్లకు తట్టుకునేలా కమానులా మందంగా కట్టారు. యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలిహు యేల్ పెళ్లి 1680లో ఇక్కడే, రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో ఇక్కడే. చర్చి చుట్టూ నేల మీద పరిచినవన్నీ సమాధి రాళ్లు. అసలు శ్మశానం ఇక్కడ కాదు. 1758–59 ముట్టడిలో ఫ్రెంచి సేనాని లాలీ సైనికులు ఊళ్లోని ఆ సమాధుల చాటున దాక్కుని కాల్పులు జరిపారని, తర్వాత రాళ్లన్నీ పెరికి ఇక్కడికి తెచ్చారు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాతలు కాలి కింద కనిపిస్తాయి.

మధ్యాహ్నం రెండింటికి మెరీనా మీద నడక పెట్టుకోవడం తెలివితక్కువ. నీడ లేదు. మధ్యలో భోజనం తిరువల్లికేణి (ట్రిప్లికేన్)లో కానివ్వొచ్చు. 1948 నుంచి ఉన్న రత్నా కేఫ్‌లో రెండు ఇడ్లీలు అడిగితే అవి కనిపించకుండా సాంబారు పోస్తారు, మగ్గుతో మళ్లీ మళ్లీ. చట్నీ అడగడం అనవసరం. పార్థసారథి కోవిల నాలుగు గంటలకు తెరుస్తారు. ఇక్కడ కృష్ణుడికి మీసాలున్నాయి, చక్రం లేదు. కురుక్షేత్రంలో ఆయుధం పట్టనన్నాడు కదా.

నాలుగున్నరకు నేపియర్ వంతెన. 1869లో గవర్నర్ నేపియర్ కట్టించిన తొలి వంతెన పేరు ఇప్పటి కమానుల వంతెనకూ నిలిచింది. 2022లో చెస్ ఒలింపియాడ్ కోసం దాన్ని నలుపు తెలుపు గళ్లతో రంగేశారు. కింద కూవం నది. ముక్కు మూసుకునే ముందు నది మూతి వైపు చూడాలి: అడ్డంగా ఇసుక మేట. ఒడ్డు పొడుగునా కదిలే ఇసుకే మూతిని మూసేస్తుంది. వాన లేనప్పుడు దాన్ని నెట్టేంత నీరు నదిలో ఉండదు, సముద్రపు పోటు లోపలికొచ్చి కడిగే వీలూ ఉండదు. యంత్రాలతో ఎంత తవ్వినా ఒక కాలం గడిస్తే మళ్లీ మామూలే. కంపు పట్నం మురుగుదే, కానీ అది కదలకుండా నిలబడిపోవడం ఇసుక పని.

వంతెన దాటగానే మెరీనా. 1881 నాటికి ఓడరేవు గోడల దక్షిణాన ఇసుక ఎంత వేగంగా పేరుకుందంటే, కొద్ది ఏళ్లలోనే గవర్నర్ గ్రాంట్ డఫ్ దాని పక్కన విహార మార్గం వేయించి 1884లో మెరీనా అని పేరు పెట్టాడు. ఇప్పుడు రోడ్డు నుంచి నీటి దాకా సగటున 300 మీటర్లు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే ఈ దూరం ముందే లెక్కలో పెట్టుకోవాలి, మెత్తటి ఇసుకలో అది రెట్టింపుగా తోస్తుంది. చక్రాల కుర్చీల కోసం 2022లో చెక్క బాట వేశారు. అదే డిసెంబరులో మాండూస్ తుపాను దాన్ని విరిచేస్తే మళ్లీ బాగుచేశారు.

నలుగురు ముఖ్యమంత్రుల సమాధులు ఉత్తరపు కొసన ఉన్నాయి. జనం అక్కడే ఎక్కువ. ఎంజీఆర్ సమాధికి చెవి ఆనించి, లోపల ఉందని నమ్మే ఆయన చేతి గడియారం చప్పుడు వినేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. పక్కనే దేవీప్రసాద్ రాయ్ చౌదరి చెక్కిన "శ్రమ విజయం", 1959. నలుగురు బండను కదిలిస్తున్న శిల్పం. ఈ ఒడ్డున 1923 మే 1న కార్మిక నాయకుడు సింగారవేలర్ దేశంలో తొలి మేడే జరిపారు. మిగతా విగ్రహాల్లో ఎక్కువ 1968 జనవరిలో ప్రపంచ తమిళ మహాసభ కోసం నిలబెట్టినవి. కాల్డ్‌వెల్ విగ్రహం దగ్గర తెలుగువాళ్లు ఒక నిమిషం ఆగడం సబబు. ద్రావిడ భాషల పోలిక మీద ఆయన పుస్తకం 1856లో వచ్చింది. దానికి నలభై ఏళ్ల ముందే, 1816లో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులోనే కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాశాడు. ఆయనకు ఈ వరసలో విగ్రహం లేదు. తిరువల్లికేణి పక్కన ఎల్లిస్ రోడ్డు ఒకటుంది, సామాన్లు అమ్ముకునేవాళ్లకు తెలుసు.

రోడ్డు పడమటి వైపు భవనాలను సాయంత్రం ఐదు నుంచి ఆరు మధ్య చూడటం కుదరదు, సూర్యుడు వాటి వెనకే ఉంటాడు. పొద్దున చూడాల్సినవి అవి. చెపాక్ ప్యాలెస్ 1768లో ఆర్కాటు నవాబుది. సెనేట్ హౌస్‌ను వాస్తుశిల్పి చిజమ్ 1870లలో కట్టాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో పాఠాలు చెప్పడం మొదలెట్టారు. రోడ్డు దాటడానికి సిగ్నలో సబ్‌వేయో పట్టుకోండి. కామరాజర్ సాలైలో బండ్లు తగ్గించే రకం కాదు.

తిండి సంగతి. తేంగాయ్, మాంగాయ్, పట్టాణి సుండల్: ఉడికించిన ఎండు బఠాణీ, కొబ్బరి, మామిడి తురుము, పచ్చిమిర్చి. 30 రూపాయల పొట్లం. వేడి చెయ్యికి తగిలితే కొనండి. మిరప బజ్జీ 20, మన బజ్జీలో ఉండే వాము, చింతపండు ఇందులో ఉండవు, ఊరి మిరప కూడా కాదు, పెద్ద బజ్జీ మిరప. ఎర్ర మసాలా పూసి పరిచిన చేప ముక్కలు చూడటానికి బాగుంటాయి. అవి ఎప్పుడు పూసినవో అడిగే బదులు, పూయనిది చూపించి మీ ముందు వేయించమనండి. గుర్రం మీద ఒక చుట్టుకు రెండు వందలు చెబుతారు, వందకు వస్తారు. ఎక్కాక బేరం లేదు.

నీళ్లలో మోకాలు దాటకూడదు. ఒడ్డు దగ్గరే అకస్మాత్తుగా లోతు పడిపోతుంది, వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి, ఈత వచ్చినవాళ్లూ పోతారు. పోలీసులు ఈల వేస్తే అది వేధింపు కాదు.

ఆదివారం: లైట్‌హౌస్, శాంథోమ్, మైలాపూర్, అడయారు

తెల్లవారుజామున ఐదున్నరకు మెరీనా దక్షిణపు సగం. వివేకానందర్ ఇల్లం గుండ్రటి గోడల భవనం, 1842లో ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచును దాచడానికి కట్టించాడు. మసూలా పడవలో అల దాటి ఒడ్డుకు చేరేసరికి ఎంత కరిగేదో గానీ వ్యాపారం నడిచింది. 1897లో వివేకానందుడు ఇక్కడ బస చేశాడు.

లైట్‌హౌస్ పదింటికి తెరుస్తారు, మధ్యాహ్నం విరామం. టికెట్ 20 రూపాయలు, లిఫ్ట్ ఉంది. 1977లో ఇది వెలిగాకే హైకోర్టు గుమ్మటం మీది దీపం ఆరిపోయింది. పై నుంచి ఉత్తరానికి చూస్తే ఈ నాలుగు రోజుల భూగోళం ఒక్క చూపులో అర్థమవుతుంది: కింద వెడల్పాటి ఇసుక, అది ఓడరేవు గోడ దగ్గర తెగిపోవడం. ఆదివారం వరస పెద్దగా ఉంటుంది, తొమ్మిదిన్నరకే నిలబడాలి. దగ్గర్లో మెట్రో పనుల రేకుల అడ్డం వల్ల పాత దారులు మూసుకుపోయాయి. చుట్టు తిరగడానికి పది నిమిషాలు అదనంగా వేసుకోండి.

లూప్ రోడ్డులో నొచ్చికుప్పం చేపల వాళ్లకు 2024లో కప్పున్న మార్కెట్ కట్టారు. ఇదివరకు రోడ్డు మీదే కూర్చునేవాళ్లు. కాశిమేడంత సరుకు ఉండదు, కానీ పడవ దిగిన చేప ఇక్కడే అమ్ముడవుతుంది, కోయించుకునే వసతీ బాగుంది.

శాంథోమ్ బసిలికా ఇప్పటి రూపం 1896 నాటిది, మొదటిది పోర్చుగీసువాళ్లది. ఆదివారం ఆరాధనలు వరసగా ఉంటాయి, వాటి మధ్య ఖాళీలో చూడాలి. సెయింట్ థామస్ సమాధికి చర్చిలోంచి వెళ్లకూడదు, వెనక విడిగా మెట్ల దారి ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది పూజ మధ్యలో తిరుగుతారు. టికెట్ లేదు. సమాధి గదిలో మాట్లాడరు, ఫోన్ మోగితే అందరూ తిరిగి చూస్తారు.

మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి ఒకప్పుడు సముద్రం ఒడ్డునే ఉండేది. ఇప్పటి గుడి తర్వాత లోపల కట్టినది. కచేరి రోడ్డు చివర కాళత్తి కొట్టులో రోజ్ మిల్క్ తాగి, లజ్ వైపు నడవండి. నాగేశ్వరరావు పార్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది. అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపినాయన. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి ఇల్లు ఉంది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహారదీక్షలో 58వ రోజు, డిసెంబరు 15 రాత్రి, పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచింది అక్కడే. స్మారకంగా ఉంచారు. ఆదివారం తలుపు తీసి లేకపోతే గట్టిగా పిలవండి, లోపల మనిషి ఉంటాడు. మద్రాసు మనదే అని అడిగినవాళ్లూ, వదులుకుని కర్నూలు వెళ్లినవాళ్లూ ఈ రోడ్డు మీద తిరిగినవాళ్లే.

అక్కణ్ణుంచి దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు మీదుగా అడయారు నది. ఆంధ్ర మహిళా సభ ఈ రోడ్డులోనే. నది మూతి దగ్గర విరిగిన వంతెన 1967లో మత్స్యకారుల కోసం కట్టింది, 1977 వరదకు మధ్యలో తెగింది. ఫొటోల కోసం దాని మీదికి ఎక్కుతారు. పిట్టగోడ లేదు, కొన్నిచోట్ల ఇనుము బయటపడింది, చీకటిపడ్డాక పోలీసులు రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఇక్కడా కూవం దగ్గర చూసినదే: మూతికి అడ్డంగా ఇసుక తిన్నె. దాని మీద పొద్దున పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్లు దుర్భిణీలతో నిలబడతారు.

నది దాటితే బెసెంట్‌నగర్. ఎలియట్స్ బీచ్‌లో తెల్లటి కమాను కట్టడం కార్ల్ ష్మిట్ పేరిట ఉంది. 1930 డిసెంబరు 30న మునిగిపోతున్నవాళ్లను కాపాడుతూ చనిపోయిన డెన్మార్క్ నావికుడు. ఇక్కడ ఇసుక వెడల్పు మెరీనాలో సగం కూడా లేదు, నీళ్లు దగ్గర. ఆరు తర్వాత బండి పెట్టడానికి చోటు దొరకదు కాబట్టి బస్సే మేలు. బస్టాండు తీరానికి పది నిమిషాల నడక. ఇటు అష్టలక్ష్మి కోవిల, అటు వేలాంకణ్ణి చర్చి ఉన్నాయి కాబట్టి రాత్రి తొమ్మిది దాకా తిండి కొట్లకు లోటు లేదు. సుండల్ ఇక్కడ పది రూపాయలు ఎక్కువ.